నగరాల్లో మండే ఎండ, ముంచే వాన: వాతావరణ మార్పుపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండలు, వరదలు ఎప్పుడూ ఉన్నవే కదా. ఇప్పుడు కొత్తగా వచ్చిందేమిటి?

అవి వచ్చే తీరు మారింది. ఒకప్పుడు అరుదుగా వచ్చేవి ఇప్పుడు తరచుగా వస్తున్నాయి. వచ్చినప్పుడు ఇంకాస్త తీవ్రంగా ఉంటున్నాయి. పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో ప్రతి పది లక్షల భాగాలకు 280 భాగాలున్న, వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. 2011–2020 దశాబ్దంలో భూమి సగటు ఉష్ణోగ్రత 19వ శతాబ్దం చివరి భాగంతో పోలిస్తే 1.1 డిగ్రీలు ఎక్కువ. 2024లోనైతే ఆ తేడా ఒకటిన్నర డిగ్రీలు దాటిందని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కగట్టింది.

ఈ పెరుగుదల ఏం చేసిందో వాతావరణ మార్పును మదింపు చేసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐపీసీసీ 2021 నివేదికలో ఉంది. పూర్వం 50 ఏళ్లకోసారి వచ్చే స్థాయి విపరీతమైన వేడి ఇప్పుడు దాదాపు ఐదు రెట్లు తరచుగా వస్తోంది. భూతాపం 2 డిగ్రీలకు చేరితే 14 రెట్లు తరచుగా వస్తుంది. తాతగారు జీవితంలో ఒకటి రెండు సార్లు చూసిన ఎండను మనవడు ప్రతి మూడు నాలుగేళ్లకోసారి చూస్తాడన్న మాట.

సగటున ఒకటి రెండు డిగ్రీలకే ఇంత తేడా వస్తుందా?

వస్తుంది. చాలామంది తడబడేది ఇక్కడే. సగటు అనేది భూగోళం మొత్తానికి, సముద్రాలతో కలిపి వేసిన లెక్క. నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది కాబట్టి మనుషులు నివసించే చోట పెరుగుదల ఆ సగటు కన్నా ఎక్కువే. ఇంకో సంగతి కూడా ఉంది. మామూలు రోజుల ఉష్ణోగ్రతలన్నీ కాస్త పైకి జరిగితే మామూలు రోజుల్లో పెద్దగా తేడా తెలియదు. ప్రమాదకరమైన గీతను దాటే రోజుల సంఖ్య మాత్రం ఒక్కసారిగా పెరిగిపోతుంది. ప్రాణాలు పోయేది ఆ రోజుల్లోనే.

పల్లెల కన్నా నగరాలు ఎందుకు ఎక్కువ వేడెక్కుతాయి?

చెట్టు, తడి నేల ఎండ వేడితో నీటిని ఆవిరిగా మార్చి చల్లబడతాయి. తారు, కాంక్రీటు ఆ పని చేయలేవు. పగలంతా వేడిని తాగి, రాత్రంతా మెల్లగా వదులుతాయి. ఎత్తయిన భవనాల మధ్య ఇరుకు వీధుల్లో ఆ వేడి పైకి పోయే దారి దొరక్క గోడకూ గోడకూ మధ్యే తిరుగుతుంది. వాహనాల పొగ, యంత్రాల వేడి, ఏసీలు బయటికి వదిలే గాలి దీనికి తోడవుతాయి. నగర ఉష్ణద్వీపం అనేది దీన్నే. ఇది కొత్తగా కనిపెట్టిన విషయమేమీ కాదు. లండన్ రాత్రులు చుట్టుపక్కల ప్రాంతాల కన్నా వెచ్చగా ఉంటున్నాయని వాతావరణ పరిశీలకుడు ల్యూక్ హోవర్డ్ 19వ శతాబ్దం తొలినాళ్లలోనే కొలిచి రాశాడు. అప్పటి లండన్‌లో బొగ్గు పొగ తప్ప ఏసీలు లేవు, తారు రోడ్లూ లేవు.

అంటే నగరవాసి మీద రెండు భారాలు పడుతున్నాయి. ఒకటి భూగోళం మొత్తానిది, రెండోది నగరం తనకు తాను తెచ్చిపెట్టుకున్నది. మొదటిదాన్ని ఏ ఒక్క నగరమూ ఆపలేదు. రెండోదాన్ని మాత్రం ప్రతి నగరమూ తగ్గించుకోగలదు.

పగటి ఎండ కన్నా రాత్రి వేడి ప్రమాదమని ఎందుకంటారు?

ఈ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబివ్వాలి. వార్తల్లో ఎప్పుడూ పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతే కనిపిస్తుంది. ఆసుపత్రుల్లో రద్దీని నిర్ణయించేది మాత్రం చాలాసార్లు రాత్రి కనిష్ఠమే.

రాత్రి పదకొండు గంటలకు స్లాబు కింద ఉన్న పై అంతస్తు గదిలో గోడ మీద అరచేయి పెట్టి చూడండి. సూర్యుడు అస్తమించి నాలుగు గంటలు దాటినా, మంట ఆర్పిన పొయ్యి రాయిలా గోడ ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఫ్యాను వేస్తే స్లాబు దగ్గరి వేడి గాలే మంచం మీదికి దిగుతుంది. కిటికీ తీస్తే పక్క భవనపు ఏసీ గాలి కొడుతుంది. పగలు అలసిన గుండె, మూత్రపిండాలు కోలుకోవడానికి శరీరం చల్లబడాలి. అది జరగకుండానే తెల్లవారుతుంది, మళ్లీ ఎండ మొదలవుతుంది. వరుసగా రెండు మూడు రాత్రులు ఇలాగే గడిస్తే, అప్పటికే గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉన్నవారు కుప్పకూలతారు.

1995 జూలైలో షికాగోలో జరిగింది ఇదే. రాత్రులు చల్లబడని ఆ కొద్ది రోజుల్లో 700 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఒంటరిగా ఉంటున్న వృద్ధులు. 2003 ఆగస్టులో ఒక్క ఫ్రాన్స్‌లోనే మామూలు కన్నా దాదాపు 15,000 మరణాలు ఎక్కువగా నమోదయ్యాయి. ఆ వేసవిలో యూరప్ మొత్తం మీద అదనపు మరణాలు 70,000 దాటాయని తర్వాత తేల్చారు. చావుబతుకుల తేడా తెచ్చిన అంశాల్లో సరిగ్గా పైకప్పు కింది అంతస్తులో పడుకోవడం ఒకటని ఫ్రాన్స్‌లో మృతుల వివరాలు పరిశీలించినవారు గుర్తించారు. వరద చావులు ఫొటోల్లో కనిపిస్తాయి. వేడి చావులు తలుపులు మూసిన గదుల్లో జరుగుతాయి, మరణ ధ్రువపత్రంలో చాలాసార్లు గుండెపోటుగానే నమోదవుతాయి. అందుకే వీటి అసలు సంఖ్య ఎప్పుడూ ఆలస్యంగా, ఆ నెల మొత్తం మరణాలను మామూలు ఏడాదితో పోల్చి చూశాకే బయటపడుతుంది.

ఉష్ణోగ్రత అంత ఎక్కువ లేకపోయినా ఉక్కపోత ప్రాణం మీదికి తెస్తుందా?

తెస్తుంది. మన శరీరం చల్లబడేది చెమట ఆరినప్పుడే. గాలి నిండా తేమ ఉంటే చెమట కారుతుందే తప్ప ఆరదు. వేడినీ తేమనూ కలిపి చెప్పే కొలమానం తడి బల్బు ఉష్ణోగ్రత. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి ఆడేలా ఉంచితే అది చూపే అంకె ఇది. ఇది 35 డిగ్రీలకు చేరితే, నీడలో కూర్చుని నీళ్లు తాగుతున్న ఆరోగ్యవంతుడైనా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని సిద్ధాంతం. గాలి 40 డిగ్రీల వేడితో, 75 శాతం తేమతో ఉంటే దాదాపు ఆ గీతకు చేరినట్టే. అయితే యువకుల మీద చేసిన ప్రయోగాల్లో 31 డిగ్రీల దగ్గరే శరీరం వేడిని వదిలించుకోలేకపోయింది. వృద్ధుల హద్దు ఇంకా కిందే ఉంటుంది.

ఏసీ పెట్టుకుంటే సరిపోదా?

ఏసీ ఉన్న గదికి సరిపోతుంది. వేడికి తట్టుకోలేనివారికి అది విలాసం కాదు, ప్రాణావసరమే. ఏసీ వాడేవారిని తప్పుపట్టే వాదనలతో నాకు ఏకీభావం లేదు. కానీ ఏసీ గదిలోంచి తీసిన వేడిని వీధిలోకే తోస్తుంది. అమెరికాలోని ఫీనిక్స్ నగరం మీద చేసిన అధ్యయనంలో, ఏసీల వేడి వల్ల కొన్నిచోట్ల రాత్రి గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైగా పెరిగినట్టు తేలింది. పైగా అందరూ ఒకేసారి వేసే రోజునే కరెంటు పోయే అవకాశం ఎక్కువ. కరెంటు లేకపోయినా నాలుగైదు గంటలు నిలవగలిగే గది, అంటే నీడ, గాలి, వేడిని తిప్పికొట్టే పైకప్పు ఉన్న గది, ముందు ఉండాలి. ఏసీ ఆ తర్వాత.

ఫ్యాను గురించి ఒక్క మాట. గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే ఫ్యాను చల్లబరచదు, ఒంటికి వేడినే కొడుతుంది. అప్పుడు తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవడం మేలు.

వానలు పెరుగుతాయా, తగ్గుతాయా?

ఏడాది మొత్తం వానపాతం ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా మారుతుంది. కుండపోత వానలు మాత్రం దాదాపు అంతటా తీవ్రమవుతాయి. కారణం సూటిగానే ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. మేఘం కురిసే వేళకు ఆ అదనపు నీరంతా కొద్ది గంటల్లోనే దిగుతుంది. నగరానికి చేటు చేసేది ఏడాది లెక్క కాదు, గంట లెక్క. చైనాలోని జంగ్‌జౌ నగరంలో 2021 జూలై 20న ఒకే గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన పడింది. అక్కడ ఏడాది మొత్తానికి సగటున పడేదే 640 మిల్లీమీటర్లు. మెట్రో సొరంగంలోకి నీరు చొరబడి రైల్లో చిక్కుకున్నవారిలో 14 మంది చనిపోయారు.

వాన నీటి కాలువల్లో పూడిక తీస్తే మునగకుండా ఉంటామా?

పూడిక తీయాల్సిందే, అందులో వాదనకు తావు లేదు. రోడ్డు అంచున ఉండే ఇనుప జాలీని వాన మొదలైన పది నిమిషాలకు గమనించండి. కొట్టుకొచ్చిన ఆకులు ముందు అంటుకుంటాయి. వాటి మీద ఒక ప్లాస్టిక్ సంచి పరుచుకుంటుంది. కింద కాలువ ఖాళీగానే ఉన్నా నీరు జాలీని చుట్టుకొని ముందుకు పోయి, పల్లంగా ఉన్న మొదటి సెల్లారులోకి మళ్లుతుంది. ఇలాంటి వరదకు ఆకాశాన్ని నిందించి లాభం లేదు.

అయితే కాలువ అద్దంలా మెరిసేలా శుభ్రం చేసినా దానికో పరిమితి ఉంటుంది. గంటకు ఇన్ని మిల్లీమీటర్లు అని పాత వర్షపాత రికార్డులను చూసి ఇంజినీర్లు ఆ కొలత పెట్టి ఉంటారు. న్యూయార్క్‌లో చాలా చోట్ల కాలువలు గంటకు సుమారు 45 మిల్లీమీటర్లకు కట్టినవి. 2021 సెప్టెంబరు 1న ఐడా తుపాను అవశేషాలు అక్కడి సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 80 మిల్లీమీటర్లు కురిపించాయి. ఆ రాత్రి నగరంలో చనిపోయిన 13 మందిలో 11 మంది నేలమాళిగ ఇళ్లలో ఉన్నవారే. నా దృష్టిలో అసలు సమస్య ఈ పాత అంకెలే. రేపు కట్టబోయే కాలువ యాభై అరవై ఏళ్లు పనిచేయాలి, దాని వ్యాసాన్నేమో గడిచిన యాభై ఏళ్ల వానలను చూసి నిర్ణయిస్తున్నాం.

‘వందేళ్లకోసారి వచ్చే వాన’ నిరుడే వచ్చింది. ఇక మన జీవితకాలంలో రాదా?

వచ్చే ఏడాదే రావచ్చు. ఆ మాటకు అర్థం ఏ ఏడాదైనా అది వచ్చే అవకాశం ఒక శాతం అని మాత్రమే. నిరుడు వచ్చినంత మాత్రాన ఈ ఏడాది ఆ ఒక శాతం తగ్గదు. ముప్పై ఏళ్ల ఇంటి రుణం తీర్చేలోపు అలాంటి వాన కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. అదీ వాతావరణం మారకపోతే.

తుపానుల సంఖ్య పెరుగుతుందా?

మొత్తం సంఖ్య పెరుగుతుందని చెప్పడానికి బలమైన ఆధారాలు లేవు. పెరిగేది తీవ్ర తుపానుల వాటా, వాటి గాలివేగం, అవి కురిపించే వాన.

తీర నగరాలకు సముద్రం వల్ల ఎంత ముప్పు?

1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. జానెడు కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ ఉప్పెన ఆ ఎత్తు మీద నిలబడి వస్తుంది. ఒకప్పుడు గోడ అంచు దాకా వచ్చి వెనుదిరిగిన కెరటం ఇప్పుడు గోడ దాటుతుంది. తుపాను లేకపోయినా పున్నమి, అమావాస్య పోటుకు వీధుల్లోకి ఉప్పునీరు రావడం కొన్ని నగరాల్లో మామూలైపోయింది. సముద్ర మట్టం పెరిగితే వాన నీటికీ ఇబ్బందే. సముద్రంలో కలవాల్సిన కాలువ మూతి నీటి కింద ఉంటే నీరు వెనక్కి తంతుంది.

అన్నిటికన్నా తక్కువ చర్చ జరిగేది నేల కుంగడం గురించి. సముద్రం ఏడాదికి సుమారు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంటే, జకార్తా ఉత్తర భాగంలో కొన్నిచోట్ల నేల ఏడాదికి 10 సెంటీమీటర్లకు పైగా కుంగిన కాలం ఉంది. భూగర్భ జలాలను విచ్చలవిడిగా తోడడమే అందుకు ముఖ్య కారణం. ఇది ఆపలేనిదేమీ కాదు. టోక్యో కూడా ఒకప్పుడు ఇలాగే కుంగింది. భూగర్భ జలాలను తోడడంపై ఆంక్షలు పెట్టాక ఆ కుంగుబాటు చాలావరకు ఆగింది.

ఒకే నగరం ఒక ఏడాది మునిగి, మరో ఏడాది నీళ్లకు కటకటలాడడం ఎలా సాధ్యం?

చెన్నైని చూడండి. 2015 డిసెంబరులో వరదలో మునిగింది, 2019 జూన్ నాటికి జలాశయాలు ఎండిపోయి, జూలైలో రైళ్లలో నీళ్లు తెప్పించుకుంది. వాన కొద్ది రోజుల్లో కుమ్మరించి పోయినప్పుడు నీరు నేలలోకి దిగే వ్యవధి ఉండదు. చెరువులు, చిత్తడి నేలలు ఉంటే ఆ నీటిని పట్టి ఉంచేవి. వాటి మీద ఇళ్లు కడితే వరద నీరు ఆ ఇళ్లలోకి వస్తుంది, వేసవికి ఆ నీరే లేకుండా పోతుంది. వానల మధ్య పొడి రోజుల్లో వేడెక్కిన గాలి నేలలోని తేమనూ ఎక్కువగా లాగేస్తుంది.

కార్చిచ్చులు అడవుల సమస్య కదా, నగరాలకేం?

నగర శివార్లు అడవి అంచుల్లోకి చొచ్చుకుపోయిన చోట నగరాల సమస్యే. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 16,000కు పైగా కట్టడాలు కాలిపోయాయి.

ఫలానా విపత్తుకు వాతావరణ మార్పే కారణమని ఖాయంగా చెప్పగలరా?

‘కారణమా, కాదా’ అని అడిగితే జవాబు తేలదు. ‘ఎంత పెంచింది’ అని అడిగితే చాలాసార్లు తేలుతుంది. నేటి వాతావరణంలో ఆ ఘటన వచ్చే అవకాశాన్నీ, కార్బన్ డయాక్సైడ్ లాంటి, వేడిని పట్టి ఉంచే హరితగృహ వాయువులు పెరగని ఊహా ప్రపంచంలో దాని అవకాశాన్నీ కంప్యూటర్ నమూనాలతో లెక్కగట్టి పోలుస్తారు. వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ బృందం దశాబ్దానికి పైగా చేస్తున్న పని ఇదే. 2021 జూన్‌లో కెనడాలోని లిటన్‌లో 49.6 డిగ్రీలు నమోదైన వేడి, మనుషులు తెచ్చిన భూతాపం లేకపోతే దాదాపు అసాధ్యమని ఆ బృందం తేల్చింది. అన్ని ఘటనలకూ ఇంత స్పష్టమైన జవాబు రాదు. వేడి విషయంలో నమ్మకం ఎక్కువ, కుంభవృష్టి విషయంలో ఒక మోస్తరు, పిడుగులు, సుడిగాలుల విషయంలో తక్కువ.

అయితే పాలకులు ప్రతి వరదకూ వాతావరణ మార్పును సాకుగా చూపడం సరైనదేనా?

కాదు. హ్యూస్టన్ ఉదాహరణ చూడండి. 2017లో హార్వీ తుపాను ఆ నగరాన్ని ముంచింది. భూతాపం ఆ వాన తీవ్రతను సుమారు 15 శాతం పెంచిందని ఒక అధ్యయనం అంచనా వేసింది. గడ్డి నేలలను కాంక్రీటుతో కప్పి నగరాన్ని విస్తరించడం వల్ల విపరీత వరద అవకాశం సగటున 21 రెట్లు పెరిగిందని 2018లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. ఈ రెండు అంకెలనూ నేరుగా కూడకూడదు, ఒకటి వాన గురించి, రెండోది వరద గురించి. అయినా రెండూ పక్కపక్కన పెట్టి చూడాల్సినవే. కాలువ దారిలో కట్టడానికి అనుమతిచ్చిన సంతకం వాతావరణ మార్పుది కాదు.

చెట్లు నాటితే చాలా?

మేలు చేస్తాయి. నీడ ఉన్న వీధికీ లేని వీధికీ తేడా నడిచేవారికే తెలుస్తుంది. కానీ మొక్క నీడనిచ్చేసరికి పదేళ్లు పడుతుంది, నాటిన రోజు ఫొటోలో ఉన్న మొక్కల్లో ఎన్ని ఆ పదేళ్లూ బతుకుతాయన్నదే అసలు లెక్క. ఉన్న పెద్ద చెట్టును కొట్టకుండా ఆపడమే ఎక్కువ ఫలితమిస్తుంది. పైకప్పుకు తెల్లని సున్నమో వేడిని తిప్పికొట్టే పూతో వేయడం చవకైన పని, ఫలితం ఆ వేసవిలోనే కనిపిస్తుంది.

నీటి విషయంలో కోపెన్‌హాగెన్ చేసింది నాకు నచ్చిన పని. 2011 జూలై 2న రెండు గంటల్లో కొన్నిచోట్ల 150 మిల్లీమీటర్ల వాన పడ్డాక, ఎంత పెద్ద పైపు వేసినా అలాంటి వానకు చాలదని ఒప్పుకుని, 2012లో కొత్త ప్రణాళిక రాసుకున్నారు. పార్కులను పల్లంగా తవ్వి తాత్కాలిక చెరువులుగా, కొన్ని వీధులను నీరు పారే దారులుగా మలచడం అందులో భాగం. రోటర్‌డామ్‌లో 2013లో ప్రారంభించిన ఒక కూడలి పొడి రోజుల్లో ఆటస్థలం, వాన రోజుల్లో నీటి తొట్టి.

ముందస్తు హెచ్చరికలు నిజంగా ప్రాణాలు కాపాడతాయా?

హెచ్చరిక తర్వాత ఎవరు ఏం చేయాలో ముందే రాసి ఉంటే కాపాడతాయి. 2010 మేలో అహ్మదాబాద్‌లో వడగాడ్పులకు మామూలు కన్నా 1,344 మరణాలు ఎక్కువగా సంభవించాయి. 2013లో ఆ నగరం దక్షిణాసియాలోనే తొలి వేడి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. ఫలానా ఉష్ణోగ్రత దాటితే ఆసుపత్రులు ఏం సిద్ధం చేయాలి, తాగునీటి కేంద్రాలు ఎక్కడ తెరవాలి, ఎవరికి సందేశం పంపాలి అన్నవి అందులో ఉంటాయి. ఆ ప్రణాళిక ఏటా సగటున వెయ్యికి పైగా మరణాలను నివారించిందని తర్వాత చేసిన అధ్యయనం అంచనా వేసింది.

ఉద్గారాలు ఇప్పుడే ఆపేస్తే ఇవన్నీ ఆగుతాయా?

కార్బన్ డయాక్సైడ్ నికర ఉద్గారాలు, అంటే గాలిలోకి వదిలిన దాంట్లోంచి వెనక్కి తీసుకున్నది పోగా మిగిలేది, సున్నాకు చేరితే ఉష్ణోగ్రత పెరుగుదల కొద్ది సంవత్సరాల్లోనే దాదాపు ఆగుతుంది. అంతా చేయి దాటిపోయిందని నిట్టూర్చేవారు తెలుసుకోవాల్సిన విషయమిది. సముద్ర మట్టం మాత్రం అలా కాదు, శతాబ్దాల పాటు పెరుగుతూనే ఉంటుంది, ఎంత వేగంగా పెరుగుతుందన్నదే మన చేతిలో ఉంది. ఉద్గారాలు బాగా తగ్గిస్తే 2100 నాటికి అర మీటరు లోపు, విచ్చలవిడిగా సాగితే మీటరు దాకా అని ఐపీసీసీ అంచనా.

ఇల్లు చూసుకునేటప్పుడు ఏమేం గమనించాలి?

ఇంటివాళ్లను కాదు, వీధి చివరి దుకాణదారును అడగండి, నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో గోడ మీద చేయి పెట్టి చూపిస్తారు. పాత పటాల్లో అక్కడ చెరువో వాగో ఉందేమో చూడండి. ట్రాన్స్‌ఫార్మరు, జనరేటరు, నీటి మోటారు సెల్లారులో ఉంటే, మొదటి వరదకే లిఫ్టు, లైట్లు, తాగునీరు ఒకేసారి పోతాయి. పై అంతస్తు తీసుకుంటుంటే సాయంత్రం ఏడు తర్వాత వెళ్లి గదిలో అరగంట కూర్చోండి.

వరద నీరు ఇంట్లోకి వస్తోంది. ముందు ఏం చేయాలి?

తడి తగలకుండా చేరుకోగలిగితేనే మెయిన్ స్విచ్ ఆపండి. అప్పటికే స్విచ్ బోర్డు దగ్గర నీరు ఉంటే దాని జోలికి పోవద్దు. మందులు, ఫోను, గుర్తింపు పత్రాలు తీసుకుని పైకి వెళ్లండి. బండి తీయడానికి సెల్లారులోకి దిగవద్దు, అక్కడ నీరు నిమిషాల్లో తలుపు తెరవలేనంత ఒత్తిడితో నిండుతుంది. 15 సెంటీమీటర్ల లోతున వేగంగా పారే నీరు పెద్దవారినైనా పడగొట్టగలదు, 30 సెంటీమీటర్లు చిన్న కారును, 60 సెంటీమీటర్లు చాలా వాహనాలను కొట్టుకుపోగలవు. నీరు తీశాక ఎలక్ట్రీషియన్ చూసి సరేనన్నాకే మెయిన్ వేయండి, కుళాయి నీటిని కొన్నాళ్లు మరిగించి తాగండి.